దక్షిణ అమెరికా పురుగు, మా బావ ఆముదం చేను

ఆ రోజుల్లో మా వైపు ఒక ఇంట్లో ఒక్కడు డిగ్రీ గట్టెక్కాడంటే, వాడు చదివింది ఏదైనా సరే, చుట్టుపక్కల సందేహాలన్నీ వాడి గుమ్మం ముందుకే వచ్చేవి. నేను చదివింది జంతుశాస్త్రం. మా బంధువుల భాషలో అది ‘పురుగుల చదువు’. అందువల్ల తేలు కుట్టినా, ఎద్దు మేత మానేసినా, పంటి కింద ఏదో కదిలినట్టు అనిపించినా నాకే కబురు వచ్చేది. నేను కూడా గంభీరంగా తల పంకించి ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. ‘నాకు తెలియదు’ అనే మాట నోటివెంట వస్తే యూనివర్సిటీవాళ్ళు వచ్చి పట్టా వెనక్కి లాక్కుపోతారని నాకు నిజంగానే భయంగా ఉండేది. ఇరవై రెండేళ్ళ వయసులో ఉండే భయాలు అలాంటివే. ఇప్పుడు ఏభై దాటాక వాటిని తలుచుకుంటే నవ్వొస్తుంది. కానీ ఈ ఒక్క సంగతి మాత్రం పూర్తిగా నవ్వనివ్వదు. గోనెగండ్ల, ఎమ్మిగనూరు మధ్య ఒక తప్పుడు మాట ఇన్నేళ్ళుగా నిజంలా తిరుగుతోంది. దాన్ని పుట్టించినవాణ్ణి నేనే గనక, దిద్దవలసినవాణ్ణీ నేనే.

డెబ్బయ్యవ దశకం చివర్లో నేను ఆదోనిలో ఒక కాలేజీలో జంతుశాస్త్రం డిమాన్‌స్ట్రేటరుగా తాత్కాలికంగా చేరాను. (తాత్కాలికం అన్న మాట నియామకపు కాగితంలో మూడుచోట్ల ఉండేది, మరిచిపోతానేమోనని.) మా శాఖాధిపతిని పిల్లలందరూ ఫార్మాలిన్ సార్ అనేవారు. సీసాల్లో పాములనీ కప్పలనీ నిల్వ ఉంచే ఆ మందు వాసన ఆయన చొక్కాకీ, టిఫిన్ క్యారియర్‌కీ, చివరికి ఆయన దిద్దిన పరీక్ష పేపర్లకీ అంటుకుని ఉండేది. చాలా మంచివాడు. ఆయనకు జీవితంలో ఒకే ఒక కోరిక: ఎవరూ చూడని జీవి ఒకదాన్ని తాను చూడాలి. ఆదోనిలో అందరూ చూసినవే కనిపించేవి.

మా శాఖకు ఒక గాజు బీరువా ఉండేది. అందులో ప్రపంచంలోని పట్టుపురుగుల గురించి రంగు బొమ్మలతో ఇటుకంత మందాన ఒక ఇంగ్లీషు పుస్తకం. ఖండాల వారీగా రాసిన పుస్తకం అది. ఒక వానాకాలం గోడ చెమ్మకు బీరువా అడుగున చెదలు పట్టి, ఆ పుస్తకాన్ని వెనకనుంచి తినుకుంటూ వచ్చాయి. మేం చూసుకునేసరికి ఆసియా మొత్తం అయిపోయింది, ఆఫ్రికా సగం పోయింది. దక్షిణ అమెరికా మాత్రం కొత్త పెళ్ళికూతురిలా చెక్కుచెదరకుండా ఉంది. ఈ సంగతి పాఠకులు కాస్త గుర్తుపెట్టుకోవాలి. నేను గుర్తుపెట్టుకోలేదు.

ఒక శ్రావణమాసపు ఉదయం మా బావ ప్రయోగశాల గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. బావంటే మా అక్క మొగుడు, గోనెగండ్ల దగ్గర ఐదెకరాల మెట్టచేను. ఆ ఏడు ఐదెకరాలూ ఆముదమే వేశాడు. మనిషి ఆరడుగులు ఉంటాడు, గొంతు తొమ్మిదడుగులు ఉంటుంది. అలాంటివాడు ఆ రోజు రహస్యంగా మాట్లాడుతున్నాడు. చేతిలో తువ్వాలుతో రెండు చుట్లు చుట్టి, పైన పురికొసతో కట్టిన బిస్కెట్ డబ్బా.

“ఏమిరా బామ్మర్దీ, తలుపు మూయి ముందు.”

“ఏముంది బావా అందులో?”

“ఏముందో నాకు తెలిస్తే ఈడికి యాల వస్తా? మీ యక్క వంటింట్లో గోడకు ఆనుకోని ఉండె. జేజి ఇసనకర్ర అంత ఉండాది. రెక్కల మీద చందమామలు. మీ యక్క దాన్ని సూసి అరిసిన అరుపుకు కట్టేసిన బర్రె తాడు తెంపుకున్యాది. పురుగుల చదువు చదివినావు గదా, ఇదేందో సెప్పు.”

డబ్బా మూత వేలెడు తీసి చూశాను. అరచేతి కంటే పెద్ద రెక్కలు, ముదురు గోధుమరంగు, అడ్డంగా తెల్లని పట్టీ, ప్రతి రెక్క మీదా నెలవంకలాంటి మచ్చ. సీతాకోకచిలుకకు చుట్టమైన మాత్ అని మాత్రం తెలిసింది. అంతకు మించి ఒక్క ముక్క తెలియలేదు. బావ నా ముఖం వైపు చూస్తున్నాడు. నేను తల పంకించాను.

బీరువా తాళం తీసి పుస్తకం దించాను. మిగిలిన పుటలన్నీ తిప్పితే, దక్షిణ అమెరికా భాగంలో ఒక బొమ్మ దగ్గర చెయ్యి ఆగింది. అదే సైజు, అదే తెల్లని పట్టీ. ఒకటే తేడా: బొమ్మలోని పురుగు రెక్కల మీద అద్దం ముక్కల్లాంటి మూడు మూలల కిటికీలు ఉన్నాయి, వాటిలోంచి అవతలి వస్తువు కనిపిస్తుందట. మన దానికి సన్నని నెలవంకలే. ఆ తేడా గురించి నేను బహుశా అర నిమిషం ఆలోచించాను. అంత దూరం నుంచి వచ్చింది గదా, మా కర్నూలు జిల్లా ఎండకు కిటికీలు ముడుచుకుపోయి ఉంటాయి అనుకున్నాను. (ఈ వాక్యాన్ని నేను కల్పించి రాయడం లేదు. ఆ రోజు నిజంగా అనుకున్నాను.) బొమ్మ కింద తిండి మొక్కల జాబితా ఉంది. జాబితాలో కంటికి మొదట తగిలిన పేరు ఆముదం. తరవాత కర్రపెండలం, పీచ్ అనే చలిదేశపు పండ్ల చెట్టు, ఇంకా నాకు పలకడం రాని చెట్లు. కర్రపెండలం మా వైపు లేదు, పీచ్ పండు ఎవరూ చూడలేదు. ఆముదం మాత్రం ఆదోని బస్టాండు దాటినప్పటినుంచి హొళగుంద దాకా కనబడుతుంది. ఇంతకంటే రుజువేం కావాలి?

“బావా, ఇది దక్షిణ అమెరికా పట్టుపురుగు,” అన్నాను.

“అమెరికాదా!”

“దక్షిణ అమెరికా. అది వేరే.”

“ఏదైతే ఏమప్పా, మనది కాదు గదా. ఏం తింటాది?”

“ఇది ఏమీ తినదు. రెక్కలొచ్చాక దీనికి నోరే ఉండదు.”

బావ ముఖం తేటపడింది. అక్కడ నేను ఊరుకుని ఉంటే ఈ కథ లేదు. కానీ చదువుకున్నవాణ్ణి గదా, సగంలో ఎలా ఆపుతాను? “దీని పిల్లలు తింటాయి బావా. ఆముదం ఆకు,” అన్నాను.

బావ ఎదురుగా ఉన్న స్టూలు మీద కూర్చున్నాడు. ఆయన కూర్చున్నది స్టూలు మీద కాదు, దాని మీద ఉన్న కప్ప అస్థిపంజరం మీద. ఆ సంగతి అప్పుడు ఆయనా గమనించలేదు, నేనూ గమనించలేదు. “ఎన్ని పిల్లల్ని పెడతాది?” అన్నాడు. మూడు నాలుగు వందల గుడ్లు అన్నాను. అంతలో ఇద్దరం డబ్బాలోకి చూశాం. దాని అడుగున, బిస్కెట్ కాగితం మీద, ఆవగింజల కంటే కాస్త పెద్దవిగా తెల్లని గుడ్లు వరసగా అంటించి ఉన్నాయి.

అప్పుడు బావ ముఖంలో కనిపించిన భయాన్ని నేను ఇప్పటికీ మరవలేదు. దానికి కారణం ఉంది. అంతకు కొన్నేళ్ళ ముందు మా వైపు ఎర్రగొంగళిపురుగు పడింది. తొలకరి తరవాత నేలంతా కదులుతున్నట్టు వచ్చి, ఒక చేను మేసి పక్క చేనికి నడిచిపోయేది. ఊరంతా కలిసి చేల గట్ల వెంట కాలవలు తవ్వి, వాటిలో పడ్డ పురుగుల్ని గుంతల్లోకి తోసి, సున్నం పోసి పూడ్చారు. ఎవరి చేను అని చూడలేదు. ఒక చేనులో పురుగు మిగిలితే అందరి చేలూ పోతాయి గనక, పురుగు కనబడిన చోటికి ఊరు ఊరంతా పోయి గుంత తీయడం అప్పటినుంచి ఒక కట్టుబాటు అయింది. ఆ సంవత్సరం అక్కా బావా తిన్నది జొన్న గటక, అదీ ఒక పూటే. ఐదెకరాల ఆముదం అంటే బావకు లెక్క కాదు, మళ్ళీ ఆ గటక.

ఫార్మాలిన్ సార్ వచ్చి, విని, పుస్తకం చూసి, డబ్బా చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “ఏమయ్యా, భారతదేశంలో ఇదే మొదటిది కావచ్చు,” అన్నాడు. ఆయనా కిటికీల తేడా చూశాడు. చూసి ఏమీ అనలేదు. పాపం, ముప్ఫై ఏళ్ళుగా ఎదురుచూస్తున్న మనిషి. ఆ మధ్యాహ్నమే మాత్‌ని సూదికి గుచ్చి, అట్టపెట్టెలో పెట్టి, బెంగళూరులో ఉన్న ఒక నిపుణుడికి పోస్టు చేశాం. దానికి జతచేసిన చీటీ లాంటిదే ఇంకొకటి రాసి మా దగ్గర ఉంచుకున్నాం. దాని మీద లాటిన్ పేరు, తిండి మొక్క ఆముదం అని, చివర ‘గుర్తించినవారు’ అని నా పేరు. నా దస్తూరీ అంత గుండ్రంగా ఎప్పుడూ రాలేదు.

గుడ్లు మాత్రం మా దగ్గరే ఉండిపోయాయి. ఆ తరవాతి పది రోజులు నా బతుకు ఎలా గడిచిందో చెప్పాలంటే నాకే జాలేస్తుంది. డబ్బాను ఒక గాజు తొట్టిలో పెట్టి, దాన్ని బల్ల మీద పెట్టి, బల్ల నాలుగు కాళ్ళ కింద నీళ్ళ పళ్ళేలు పెట్టాం. పొద్దున మూత తీసేముందు చెవి ఆనించి వినేవాణ్ణి. ఏం వినపడుతుందని అనుకున్నానో తెలియదు. గుడ్లు పగిలితే, పిల్లలు నీళ్ళు దాటితే, కిటికీ చువ్వల్లోంచి బయటపడితే, ఆదోని తాలూకా ఆముదం అంతా పోయి, విచారణకు వచ్చిన అధికారులు ‘గుర్తించినవారు ఎవరు?’ అని అడిగితే... బస్సులో పక్కవాడి సంచీలో ఏదైనా కదిలితే లేచి నిలబడేవాణ్ణి. గుడ్లు పగలలేదు. నొక్కుకుపోయి, గుంటలు పడి ఎండిపోయాయి. మగపురుగు కలవని ఆడది పెట్టే గుడ్లు పగలవని నేను చదువుకున్నదే. కానీ భయపడ్డవాడికి చదివింది గుర్తురాదు.

నేను ఆదోనిలో గుడ్లకు కాపలా ఉంటే, ఊళ్ళో బావ ఊరుకోలేదు. ఊరు ఊరంతా చెప్పాడు. అమెరికా నుంచి పురుగు దిగింది, మా బామ్మర్ది కనిపెట్టినాడు అని. ‘దక్షిణ’ అన్న మాట ఆ ఊరి పొలిమేరలోనే రాలిపోయింది. వంటింట్లోకి అది ఎలా వచ్చిందని ఆరా తీశారు. వంటింటి మూల ఒక గంప బోర్లించి ఉంది. దాన్ని తిరగేస్తే, అడుగున ఎండిన ఆకుల మడతలో దూదిలాంటి గూడు, ఒక కొన తెరుచుకుని, ఖాళీగా ఉంది. ఆ గంప ఎమ్మిగనూరు నుంచి తిరిగొచ్చిన గంప.

ఎమ్మిగనూరులో ఒక ముసలాయన ఉండేవాడు. మేం ఆయన్ని మగ్గం తాత అనేవాళ్ళం. మా వాళ్ళకు పంచెలు నేసిచ్చేవాడు. ఇంట్లో కన్నడం, మాతో తెలుగు. ఏడాదిగా ఆయన బావ చేనులోంచి వారానికి రెండు గంపల ఆముదపు ఆకులు తెప్పించుకుంటున్నాడు, బదులు ఒక పంచె ఇస్తూ. ఎందుకు తాతా అంటే, మోకాళ్ళ నొప్పులు, వేడి చేసి కట్టుకుంటాను అనేవాడు. ఆముదపాకు కాపడం మా వైపు ఇంటింటా ఉన్నదే గనక ఎవరూ అడ్డం ప్రశ్న వేయలేదు. మా అక్క మాత్రం ఒకసారి, “వారానికి రెండు గంపలంటే ఆయప్పకు ఎన్ని మోకాళ్ళుండాయో!” అందట.

శనివారం మధ్యాహ్నం బావ మళ్ళీ కాలేజీకి వచ్చాడు. ఈసారి వెనక పది మంది. చేతుల్లో పారలు. ఒకాయన భుజాన సున్నం మూట. “పా రా, ఎమ్మిగనూరుకు. నువ్వు సూసి ఇదే అని సెప్పల్ల. నువ్వు సెప్తే సాలు,” అన్నాడు. నేను ఏదో పని ఉందన్నాను. ఫార్మాలిన్ సార్ (ఆయన్ని నేను ఇంకా క్షమించలేదు) “వెళ్ళవయ్యా, లార్వాలు కూడా దొరికితే రెండు పట్టుకురా,” అన్నాడు.

మేం బస్సు దిగి మగ్గం తాత ఇంటికి నడిచి వెళ్ళేసరికి ఆయన అరుగు మీద కూర్చుని కండెలు చుడుతున్నాడు. పారలు చూసి లేచాడు. మోకాళ్ళ నొప్పులున్నవాడు లేచినట్టు లేవలేదు. బావ ఆ సంగతి చూశాడు.

“తాతా, ఆకులన్నీ ఏం సేస్తాండావు?”

తాత అందరి ముఖాలూ చూసి, లోపలికి దారి ఇచ్చాడు. మగ్గం గది దాటి వెనక ఒక చీకటి గది. అందులో అడుగు పెట్టగానే సన్నని జల్లు కురుస్తున్న చప్పుడు. బయట ఎండ మండిపోతోంది. ఆ చప్పుడు చాటల్లోది. గోడవారగా వెదురు చాటలు, వాటి నిండా ఆముదపు ఆకులు, ఆకుల మీద వేలెడు లావు, తెల్లని పిండి అద్దినట్టున్న పురుగులు. వందలు. అవన్నీ ఒకేసారి మేస్తున్న చప్పుడు అది. వెనక నిలబడ్డవాళ్ళలో ఒకాయన “స్వామీ!” అని గుమ్మం బయటికి గెంతాడు.

“ఇవి నా మక్కళు,” అన్నాడు తాత. కన్నడంలో పిల్లలని. “బయపడాకండప్పా, ఏం సేయవు. అస్సాం నుంచి ఒకాయప్ప తెచ్చిచ్చినాడు ఇత్తనం. ఆడ ఆడోళ్ళు ఇంట్లోనే సాకుతారంట, ఆముదం ఆకేసి. మన పట్టు మాదిరి గూళ్ళను సల సల కాగే నీళ్ళల్లో ఎయ్యనక్కర్లే. పురుగు రెక్కలొచ్చి దాని పాటికి అది పోతాది. కాలీ గూడు మనకు ఇడిసిపెడతాది. దాన్ని దూది మాదిరి వడికేది. వీదిలో తెలిస్తే నూలుకు పురుగు పడతాదని గొడవ సేస్తారని మోకాళ్ళని సెప్పినా. తప్పే.”

మగ్గం మీద ఉన్నది చూపించాడు. మీగడరంగు బట్ట, రెండు మూరలు నేసి ఉంది. మంత్రాలయం స్వామికి శాలువ అన్నాడు. ప్రాణం తీయని పట్టుతో ఒక్క శాలువ నేసి ఇస్తానని, భార్య పోయిన ఏడు మొక్కుకున్నాడట. మిగిలిన మూడు మూరలకు పట్టుదారం ఈ చాటల్లోంచే రావాలి.

అస్సాం, ఆముదం. ఆ రెండు మాటలూ నా చెవిలో పడగానే, ఎక్కడో లోపల తాళం తీసినట్టయింది. డిగ్రీ రెండో సంవత్సరం పరీక్ష. రెండు మార్కుల ప్రశ్న: మన దేశంలో దొరికే పట్టు రకాలు పేర్కొనుము. ఎరి పట్టు, అస్సాం, ఆముదం ఆకు. నేను ఆ జవాబు రాశాను. రెండుకు రెండు మార్కులు వచ్చాయి. చెదలు తిన్న పుటల్లో ఉన్నది ఈ పురుగే. దక్షిణ అమెరికా పురుగుకు అద్దపు కిటికీలు ఉంటాయి, దీనికి నెలవంకలు ఉంటాయి. రెంటికీ ఆముదం ఇష్టమే. నేను తిండి చూసి మనిషిని గుర్తుపట్టాను, ముఖం చూడలేదు.

బావ నా వైపు తిరిగాడు. “సెప్పు రా. ఇదేనా?”

చాటల్లో పురుగులు మేస్తూనే ఉన్నాయి. పది మంది నా నోటి వైపు చూస్తున్నారు. తాత కూడా చూస్తున్నాడు, ఆయన చూపులో ఒక ఆశ ఉంది: చదువుకున్న పిల్లవాడు, సంగతి చెబుతాడని. కాదు, ఇది మన దేశంలో పెంచే పురుగే, ఇంట్లో పెంచి పెంచి సరిగ్గా ఎగరడం కూడా మరిచిపోయిన జాతి, మీ చేలకు రాదు అని చెప్పడానికి నాలుగు మాటలు చాలు. కానీ ఆ నాలుగు మాటల వెనకనే బెంగళూరు వెళ్ళిన అట్టపెట్టె, దాని మీద నా పేరు, మూడు తాత్కాలికాల నియామకపు కాగితం, ఊరంతా నన్ను గురించి చెప్పుకున్న బావ, అన్నీ వరసగా నిలబడ్డాయి.

“పుస్తకంలో అట్లే ఉంది బావా,” అన్నాను.

అబద్ధం కాదు. పుస్తకంలో అలాగే ఉంది. నేను ఇంతవరకూ ఆడిన మాటల్లో అంత నీచమైన నిజం ఇంకొకటి లేదు.

బావ చెడ్డవాడు కాడు. తాత చేతులు పట్టుకున్నాడు. “నీ మీద కోపం లేదు తాతా. ఐదెకరాలు. ఆ ఎర్రపురుగు ఏడు మళ్ళా నా పిల్లోల్లకు సూపియ్యలేను. కట్టుబాటు నీకు తెలియంది కాదు,” అన్నాడు. తాత కాసేపు నా వైపే చూసి, “మీరు ముట్టుకోవాకండి. నేనే తెస్తా,” అన్నాడు. పెరట్లో గుంత తవ్వారు. తాత ఒక్కొక్క చాటా తెచ్చి, ఆకులతో సహా, పసిపిల్లల్ని పడుకోబెట్టినట్టు గుంతలో వంచాడు. సున్నం పోసినప్పుడు ఇంట్లోకి వెళ్ళిపోయాడు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో బావ నాకు సోడా కొనిచ్చాడు. తాగాను. (అది కూడా రాయాలి గదా.)

మూడు వారాలకు బెంగళూరు నుంచి జవాబు వచ్చింది. నిపుణుడు మర్యాదస్తుడు. ‘మీరు పంపినది అస్సాంలో పెంచే మామూలు ఎరి మాత్. దక్షిణ అమెరికా జాతికి రెక్కల మీద పారదర్శకమైన త్రికోణాలు ఉంటాయి. మీ దగ్గర ఉన్న పుస్తకంలో ఆసియా భాగం కూడా చూడవలసిందిగా కోరిక’ అని రాశాడు. ఫార్మాలిన్ సార్ ఆ ఉత్తరం రెండుసార్లు చదివి, మడిచి, మా దగ్గర ఉంచుకున్న నా చీటీని బీరువాలోంచి తీసి నా చేతిలో పెట్టాడు. “ఆసియా భాగం చూడమంటున్నాడయ్యా. చెదపురుగుల్ని అడగాలి,” అన్నాడు. నవ్వబోయి ఆగిపోయాడు. లార్వాలేవని ఆయన నన్ను అడగలేదు, గుంత సంగతి నేను ఆయనకు చెప్పలేదు.

బావకూ చెప్పలేదు. రేపు చెబుదాం అనుకుంటూ ఎనభయ్యవ దశకంలోకి వచ్చేశాను. ఈలోగా బావ కథ పెరిగింది. పెళ్ళిళ్ళలో నన్ను పట్టుకుని, “అమెరికా పురుగును ఒక్క సూపులో కనిపెట్టినోడు, మా బామ్మర్ది,” అని పరిచయం చేసేవాడు. నేను విస్తరి వైపు చూస్తూ పప్పు కలుపుకునేవాణ్ణి. ఎవరైనా ఇంకొక పురుగు తెచ్చి చూపిస్తారేమోనని ప్రతి పెళ్ళిలోనూ భయమే.

ఒక రోజు ధైర్యం చేసి ఎమ్మిగనూరు వెళ్ళాను. మగ్గం తాత అరుగు మీదే ఉన్నాడు. ముందు నేను చూసింది ఆయన మోకాళ్ళ మీద ఉన్న శాలువని. సగం దాకా మీగడరంగు, సగం నుంచి మామూలు తెల్లని నూలు. రెండూ కలిసిన చోట ఒక గీత. చెప్పవలసింది అంతా చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆయన ఆ గీత మీద వేలు పెట్టి రాస్తూ ఉన్నాడు.

“నాకు ఆ పొద్దే తెలుసప్పా,” అన్నాడు. “నువ్వు పురుగుల పక్క సూడల్యా. మీ బావ పక్క సూస్తాంటివి.”

“శాలువ స్వామికి ఇవ్వలేదా తాతా?”

“ఎట్ల ఇచ్చేది? ప్రాణం తీయని పట్టని మొక్కుకుంటి. ఒక్కటి గాదు, వందలు పాయె గదా. అందుకే నేనే కప్పుకుంటాండా.” నవ్వాడు. “ఇప్పుడు నిజంగానే మోకాళ్ళ నొప్పులు. నేనాడిన అబద్ధం నాకే తగులుకున్యాది. నీది నీకు తగులుకున్యట్లు.”

నేను కాళ్ళ మీద పడబోతే అడ్డుకున్నాడు. “అదంతా వద్దు. మీ బావకు సెప్పు. వీదిలో పిల్లోల్లు నన్ను అమెరికా పురుగుల తాత అంటారు. ఎవురూ ఒక ఆకు ఇయ్యరు. అవి మన దేశం పురుగులే అని ఒక్క మాట సెప్పు సాలు.”

చెబుతానన్నాను. బస్సెక్కేటప్పుడు కూడా చెబుతాననే అనుకున్నాను. గోనెగండ్ల స్టాపు వచ్చింది, దిగలేదు. ఆ తరవాత రెండేళ్ళకు తాత పోయాడని తెలిసింది. ఆ పేరుతోనే పోయాడు.

బావకు చెప్పింది ఇదిగో, ఈ మధ్యనే. ఇప్పుడాయనకు డెబ్బై దాటాయి. గొంతు మాత్రం అలాగే ఉంది. మంచం మీద కూర్చుని వింటూ, మొదట కోపంగా, “ఏంరా, పాతికేండ్లు నేను సెప్పుకున్న కత ఇది! మనవళ్ళకు గూడా సెప్పినా! ఇప్పుడు అస్సాం అంటే నా మొగాన నవ్వరా?” అన్నాడు. తరవాత కోపం దిగింది. “మన చేని ఆకే గదరా తినిపించినాడు ఆయప్ప. సెప్పింటే ఇంకో గంప ఇచ్చింటి,” అన్నాడు. కాసేపటికి, “మోకాళ్ళంట... వారానికి రెండు గంపలు...” అని నవ్వడం మొదలుపెట్టి, అది నవ్వుగా ముగించలేక తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. మా అక్క వచ్చి ఏమైందని అడిగితే, కంట్లో పురుగు పడిందన్నాడు.

దీన్ని రాసి అచ్చుకు ఇస్తాను, తాత పేరు మీద మచ్చ ఉండిపోయింది అన్నాను. “రాసుకో పో. కానీ నా పేరు రాసినావంటే ఈ ఇంట్లో నీకు సంగటి ముద్ద పెట్టేది లే,” అన్నాడు. రాయలేదు. అయినా ఆ వైపు చదివినవాళ్ళకు తెలియకుండా పోదు. ఇది అచ్చయ్యాక అక్కను చూడడానికి వెళ్ళాలంటే ఇప్పటికీ కాస్త భయంగానే ఉంది.

ఆ చీటీ నా దగ్గరే ఉంది. మొన్న పెట్టె సర్దుతుంటే బయటపడింది. కాగితం పసుపుపచ్చగా మారింది, కొనలు చెదలు కొరికాయి. లాటిన్ పేరు సగం పోయింది. తిండి మొక్క ఆముదం అన్నది మిగిలింది. అది ఒక్కటే నిజం. చివరి వరసలో ‘గుర్తించినవారు’ అని నా పేరు చెక్కుచెదరకుండా ఉంది. ఎంత గుండ్రంగా రాశాడో ఆ ఇరవై రెండేళ్ళవాడు! కళ్ళజోడు సర్దుకుని, ఆ పేరు పక్కన ఖాళీలో పెన్సిలుతో ‘తెలియదు’ అని రాశాను. అక్షరాలు అంత గుండ్రంగా రాలేదు.